తవికలు రాద్దాం రండి: తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ మేడ మీద, వాటర్ ట్యాంకు పక్కన, నెలకో ఆదివారం సాయంత్రం పదిమందిమి చేరతాం. కావాలని, కష్టపడి, శ్రద్ధగా రాసుకొచ్చిన చెత్త కవిత్వాన్ని ఒకరికొకరం వినిపించుకుంటాం. తర్వాత పకోడీలు తిని కిందికి దిగుతాం. కొత్తగా వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు మాత్రం ఎన్నాళ్లైనా మారవు. ప్రతిసారీ నోటితో చెప్పే ఓపిక అయిపోయి ఇలా రాసిపెడుతున్నాను.

తవిక అంటే ఏమిటి?

కవితని తిరగేసి చదవండి. క-వి-త, త-వి-క. అక్షరాలు అవే, వరసే తప్పు. తవిక స్వభావం కూడా అచ్చంగా అదే. కవితలో ఉండాల్సినవన్నీ ఇందులోనూ ఉంటాయి, కాకపోతే ఉండకూడని చోట ఉంటాయి. రాసేవాడు తవికుడు. ఒక అక్షరం మార్చి కపి అని కూడా ముద్దుగా పిలుచుకుంటాం, అప్పుడు ఆయన చేసేది కపిత్వం.

వాడుకలో తవిక అంటే రాయడం చేతకాక పాడైన కవిత అని కూడా అర్థం ఉంది. మేం ఆ అర్థంలో వాడం. చేతనై పాడు చేసినదే మా దగ్గర తవిక.

చెత్తగా రాయడానికి కష్టపడాలా? మామూలుగా రాస్తే రాదా?

అందరూ అడిగేది ఇదే, అందరూ పప్పులో కాలేసేదీ ఇక్కడే.

మామూలుగా రాస్తే వచ్చేది చెత్త కాదు, చప్పన. చప్పటి కవితకి ఎవరూ నవ్వరు, ఏడవరు, ఫోన్ చూసుకుంటారు. నిజంగా చెత్తగా రాయాలంటే మంచి కవిత ఎక్కడ మలుపు తిరుగుతుందో ముందే తెలిసుండాలి. సరిగ్గా అక్కడే గోతిలో పడాలి. సర్కస్‌లో బఫూన్ తాడు మీంచి జారతాడు చూడండి, ఆ తాడు మీద అందరికన్నా బాగా నడవగలిగినవాడికే ఆ వేషం ఇస్తారు.

తెలియక చెత్తగా రాసి చరిత్రకెక్కినవాళ్లూ ఉన్నారు, కాదనను. స్కాట్లాండ్‌లో డండీ ఊరి నేతపనివాడు విలియం మెక్‌గోనగల్ (1825–1902) అందరిలోకీ పెద్దాయన. 1879 డిసెంబర్ 28న తుఫానుకి టే నది మీద రైలు వంతెన కూలిపోతే దాని మీద ఒక కవిత రాశాడు. కొన్ని పదుల మంది చనిపోయిన ఘోరం. ఆ కవిత చదివితే మాత్రం నవ్వు ఆగదు. పాదం ఎంత పొడుగైనా సరే, చివర ప్రాస తగిలేదాకా ఆయన ఆగడు. ఆయన చదువుతుంటే జనం గుడ్లూ కూరగాయలూ విసిరేవారట. విక్టోరియా రాణికి తన కవిత్వం వినిపించాలని 1878లో డండీ నుంచి బాల్మోరల్ కోటదాకా నడిచి వెళ్లాడు, గేటు దగ్గర్నుంచే పంపేశారు. ఆయన్ని తలుచుకుంటే నాకు నవ్వుకన్నా ముందు జాలి వేస్తుంది. తను మహాకవినని ఆయన మనసారా నమ్మాడు. మా మేడ మీద జరిగేది అది కాదు. ఇక్కడ నవ్వించేవాడికి తను నవ్విస్తున్నట్టు తెలుసు, నవ్వేవాళ్లకి అతనికి తెలుసని తెలుసు. అందుకే ఎవరికీ గుడ్లు విసరాలనిపించదు. గుడ్ల ధర కూడా ఒక కారణం.

ఇది తెలుగు కవిత్వాన్ని అవమానించడం కాదా?

ఒక పెద్దాయన మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి మరీ అడిగారు. ఇప్పుడు ఆయనే మా సభలో అందరికన్నా ఘోరమైన సీసపద్యాలు రాస్తున్నారు.

అవమానం కాదనడానికి మన కావ్యాలే సాక్ష్యం. నన్నెచోడుడి నాటినుంచి కావ్యం మొదట్లో ఇష్టదేవతని పొగిడి, పాత సుకవుల్ని పొగిడి, ఆ వెంటనే కుకవుల్ని తిట్టడం ఒక ఆచారం. అంటే దేవుడి తర్వాత, పెద్దల తర్వాత, చెత్తకవికి కూడా గ్రంథంలో చోటు కేటాయించి పెట్టారు. ఇంతటి గౌరవం విమర్శకులకి కూడా లేదు.

ఇక అవధానంలో సమస్యాపూరణం చూడండి. పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, ఇచ్చే పాదం ఒక్కోసారి పచ్చి తవిక. "కుంజరయూథమ్ము దోమ కుత్తుక జొచ్చెన్" అని తెనాలి రామకృష్ణుడికి ఇచ్చారని చెప్పుకునే సమస్య వినే ఉంటారు. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట! శత్రువుల్ని చీల్చి చెండాడే పాండవులు విరాటుడి కొలువులో ఊడిగం చేయాల్సిరావడం అలాంటిదే కదా అని ఆయన దాన్ని పద్యంగా నిలబెట్టాడని కథ. చెత్త పాదానికి మిగతా మూడు పాదాలు అతికించి మంచి పద్యం చేయడం అవధానం. మంచి పాదాలు మూడు రాసి నాలుగోది దోమ గొంతులో దూర్చడం తవిక. రెండింటికీ కావల్సింది ఒకే చెవి. అదే తెనాలి రామకృష్ణుడి పేర, వచ్చిన పండితుణ్ణి బెదరగొట్టడానికి చెప్పాడంటూ, మేకలూ తోకలూ తప్ప ఇంకేమీ లేని పద్యం కూడా ప్రచారంలో ఉంది. అందులో అర్థం వెతికి అలిసిపోయినవాళ్లు ఆ పండితుడొక్కడే కాదు.

దగ్గరి కాలానికొస్తే, చిలకమర్తి లక్ష్మీనరసింహం పకోడీ మీద పద్యాలు చెప్పారు. అవి చెత్త కావు, చాలా బాగుంటాయి, కానీ పద్యం పకోడీ దగ్గరికి దిగిరావచ్చని ఒప్పుకున్నట్టేగా. జరుక్ శాస్త్రిగా అందరికీ తెలిసిన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914–1968) తన కాలపు పెద్ద కవులందరికీ పేరడీలు కట్టారు. పేరడీ శాస్త్రి అనే పేరే వచ్చింది. శ్రీశ్రీ అంతటివాడు ఇంగ్లీషు లిమరిక్కుని (అయిదు పాదాల కొంటె పద్యాన్ని) పట్టుకొచ్చి, దానికి వేదం వాసన తగిలించి లిమఋక్కు అని పేరు పెట్టుకుని ఆడుకున్నాడు. తెలుగు కవిత్వం మనం అనుకునేంత సున్నితమైనది కాదు. దానికి మనకన్నా ఎక్కువ హాస్యం తెలుసు.

నాకు ఛందస్సు రాదు. పనికొస్తానా?

వచ్చేయండి. ఛందస్సు రాకుండా పద్యంలా కనిపించేది రాయడం మా దగ్గర విడిగా ఒక విభాగం. "అమ్మా, ఆహా, గదా, భళా" అని నాలుగు మాటలు చల్లి, చివర "న్" తగిలిస్తే సగం ఊరు పద్యమే అనుకుంటుంది.

నాకు ఛందస్సు బాగా వచ్చు. మరి నేనేం చేయాలి?

అయ్యా, మీకోసమే ఎదురుచూస్తున్నాం.

"కందం చెప్పినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు" అన్నారు. కందం కష్టమెందుకంటే దాని నియమాలు గట్టివి. నాలుగు మాత్రల గణాలు (లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు), బేసి గణం జగణం (లఘువు, గురువు, లఘువు) కాకూడదు, ఆరో గణం జగణమో నలమో (నాలుగు లఘువులు) అయితీరాలి, ప్రాస తప్పదు, రెండూ నాలుగూ పాదాల చివర గురువుండాలి. ఇన్ని కాపలాలు దాటుకుని లోపలికెళ్లాక అక్కడ ఏమీ లేకపోతే ఎలా ఉంటుంది? అదీ ఛందోబద్ధ తవిక. నాది ఒకటి:

గాలికి తిరిగెడు ఫానూ
కాలక్షేపమ్ముకొరకు కాస్తా తిరిగెన్
కాలెను వైరూ బల్బూ
చాలును చాలును భళారె సామీ భళిరా!

గణాలు లెక్కపెట్టుకోండి, తప్పుండదు. ప్రాస, అంటే పాదంలో రెండో అక్షరం, లకారం, నాలుగు పాదాల్లోనూ ఉంది. నాలుగో పాదంలో చా-సా యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) చెల్లుతుంది. పద్యం మాత్రం మూడో పాదంలోనే చచ్చిపోయింది. వైరూ బల్బూ కాలిపోయాక కవికి చెప్పడానికి విషయం లేదు, కానీ ఇంకా ఇరవై మాత్రలు అప్పున్నాడు. అందుకని చాలును చాలును అని వినేవాళ్ల మాట తనే అనేసి, భళారె అని మెచ్చుకోలు కూడా తనే చెప్పేసుకున్నాడు. పాదపూరణ కోసం వేసే ఈ ఉత్తుత్తి మాటల్ని చూసి నవ్వాలంటే వినేవాడికి కూడా కందం నడక తెలిసుండాలి. ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే. ఇది విని నవ్వడం కోసం మా మేడ మీద ముగ్గురు పనిగట్టుకుని గణవిభజన నేర్చుకున్నారు. అందులో ఒకావిడ బ్యాంకులో క్యాషియర్. గురువులూ లఘువులూ నోట్ల కట్టలు లెక్కపెట్టినంత వేగంగా లెక్కపెడతారు.

కందం వద్దనుకుంటే ఆటవెలది ఉంది. నీతి చెబుతానని గొంతు సవరించుకుని, చివరికి చెప్పకుండా పారిపోవడానికి అంతకన్నా వీలైన ఛందస్సు లేదు:

ఫోను చార్జి లేక పోయిన రోజున
చేయి లేదు కాలు చెవియు లేదు
చార్జి పెట్టినంత సర్వము వచ్చును
పిన్ను విరిగిపోయె వినర బాబు

ఇలాంటివి నూటెనిమిది రాస్తే శతకం అవుతుంది. దయచేసి రాయకండి.

వచన తవికకి ఏమైనా పద్ధతి ఉందా?

ఛందస్సు లేదు కాబట్టి ఇది తేలికనుకుంటారు. పద్యంలో తప్పు చేయడానికి నియమాలున్నాయి, వాటిని మీరొచ్చు. వచనంలో మీరడానికి ఏముంది? వినేవాడి నమ్మకం ఒక్కటే ఉంది. దాన్నే మీరాలి.

ఒక దారి, వాక్యాన్ని విరవకూడని చోట విరవడం. ఏ నోటీసు కాగితమైనా తీసుకుని, మధ్యలో గాలి వదిలి, గొంతులో కాస్త తడి పెట్టి చదవండి:

మీ ఇంటి
పన్ను
(ఊడలేదు)
బకాయి
పడినది.

ఇంకో దారి నన్ను ఎప్పుడూ మోసం చేయనిది. అరిగిపోయిన ఉపమానాన్ని తీసుకుని అక్షరాలా నమ్మేయడం. కవుల కలాలు ఏడుస్తుంటాయి కదా, మరి ఆ కన్నీళ్లు ఎక్కడికి పోతాయి?

నా కలం
కన్నీరు కార్చింది.
చొక్కా జేబు
నీలమైంది.
ఇస్త్రీ అబ్బాయి
నన్నే తిట్టాడు.

ఎర్ర సూరీడు, ఒంటరి ఎడారి, గుండె లోతులు, మౌనభాష, కత్తులైన అక్షరాలు, వీటిలో ఏదైనా సరే ఇలా నమ్మి చూడండి. గుండె లోతులంటే ఎన్ని అడుగులు, బోరు వేస్తే నీళ్లు పడతాయా అని అడగండి. ఉగాది కవిసమ్మేళనానికి ముందు వారం మాకు ముడిసరుకు పుష్కలంగా దొరుకుతుంది. కోయిల, మావిచిగురు, వేపపువ్వు, షడ్రుచులు ఇంటింటికీ తిరుగుతుంటాయి. (నేనూ ఒకప్పుడు ఆ కోయిలతో శాలువా కప్పించుకున్నవాణ్ణే. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.)

ఏ విషయం మీద రాయాలి?

విషయం చిన్నది, స్వరం పెద్దది. ఇదొక్కటి గుర్తుంటే చాలు. మరణం మీద, విశ్వం మీద చెత్తగా రాయడం ఎవరికైనా వస్తుంది, రోజూ వస్తూనే ఉంది. కుక్కర్ని "ఓ" అని సంబోధించి చూడండి:

ఓ కుక్కరూ!
నీవు కూయుదువు
మూడు మార్లు.
నేను లేతును
మూడు మార్లు.
నీలో పప్పు.
నాలో...
(ఇక్కడ దీర్ఘమౌనం)
పప్పే.

ప్రేమ తవిక రాయాలనుంది. ఎవరికీ ఇవ్వనులెండి, ఊరికే.

ఊరికే అన్నవాళ్లందరూ ఎవరికో ఒకరికి ఇచ్చారు. జాగ్రత్త.

ప్రేమ తవికకి పోలికే ప్రాణం. పోలిక మొదటి సగం అందంగా ఉండాలి, రెండో సగం ఆ అందాన్ని వివరిస్తూ మునిగిపోవాలి. "నీ పలువరస సీతాఫలం గింజల్లా" అన్నారనుకోండి, అమ్మాయి ముఖం వెలుగుతుంది. వెంటనే "నున్నగా, నల్లగా" అనాలి. ఆ ఆగే చోటే అసలు కళ. తొందరపడి ఒకే ఊపిరిలో చెప్పేస్తే పోలిక వ్యర్థం.

అంత్యప్రాస వెర్రి కూడా ఇక్కడ బాగా పండుతుంది. ప్రాస కోసం ప్రియురాలి ఇంట్లోకి ఏ వస్తువునైనా తెచ్చిపెట్టొచ్చు:

నీ కళ్లు చేపలు
నా చూపులు చాపలు
మీ నాన్న చేతిలో పీపలు
మీ వీధంతా వేపలు
ఇంకా ఉన్నాయి ప్రాసలు
కానీ అయిపోయాయి ఆశలు

చివరి రెండు పాదాల్లో ప్రాస చెడిందని ఒకాయన పట్టుకున్నారు. ఆశ పోయినవాడికి ప్రాస ఎక్కడ కుదురుతుందండీ అన్నాను. తప్పుని సిద్ధాంతంతో సమర్థించుకోవడం కూడా తవికుడికి రావాలి.

ఎంత పొడుగుండాలి?

చిన్నది. చెత్త కవిత్వం పచ్చిమిరపకాయ బజ్జీలాంటిది, మూడోది తిన్నాక నోరు మొద్దుబారుతుంది. నిమిషం దాటితే వినేవాళ్లు నిజంగా బాధపడటం మొదలుపెడతారు.

దీర్ఘ తవికలు రాస్తామని ఏడాదికొకరైనా పట్టుబడతారు. ఒకాయన తన స్కూటర్ ఆత్మకథని ఏడు ఆశ్వాసాల్లో మొదలుపెట్టాడు. రెండో ఆశ్వాసంలో పెట్రోలు అయిపోయింది, ఆయన కూడా అక్కడే ఆగాడు.

చదవడం ఎలా?

కాగితం మీది చెత్త సగమే. మిగతా సగం గొంతులో ఉంది.

ముందు పీఠిక. "ఈ కవిత వెనక చిన్న నేపథ్యం ఉంది" అని మొదలుపెట్టి, నేపథ్యాన్ని కవితకన్నా పొడుగ్గా చెప్పాలి. ఏ రైల్లో వస్తుంటే తట్టిందో, కిటికీ పక్క సీటో కాదో, అంతా కావాలి. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకోవాలి. కళ్లద్దాలు లేనివాళ్లు పక్కవాళ్లవి అడిగి తుడవచ్చు.

కవిసమ్మేళనంలో మంచి పాదం వస్తే సభ "ఆహా, మళ్లీ" అంటుంది, కవి మళ్లీ చదువుతాడు. మన దగ్గర ఎవరూ అనరు. కాబట్టి ఎవరూ అడక్కుండానే, అన్నిటికన్నా నీరసమైన పాదాన్ని మూడుసార్లు చదవాలి. మూడోసారి సభకేసి చూసి, అర్థమైందా అన్నట్టు తలాడించాలి. చదివేటప్పుడు మీరు మాత్రం నవ్వకూడదు. మీరు నవ్వితే అది జోకు. మీరు కదిలిపోతే అది తవిక.

సభ ఎలా నడుపుతారు?

అవధానం నుంచి రెండు పదవులు అరువు తెచ్చుకున్నాం.

ఒకటి అప్రస్తుత ప్రసంగి. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరు అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి సంబంధం లేని ప్రశ్నలు వేస్తుంటారు కదా. మా ప్రసంగి తవిక మధ్యలో, సరిగ్గా దీర్ఘమౌనం దగ్గర, "ఏమండీ, మీ ఫ్లోర్‌లో నీళ్లొస్తున్నాయా?" అంటారు. తవికుడు దానికి జవాబు చెప్పి, ఆ జవాబుని తవికలో కలుపుకుని ముందుకెళ్లాలి. ఆ పదవికి పోటీ ఎక్కువ, చీటీలు వేస్తాం.

రెండోది గంట. అవధాని మధ్యమధ్య మోగే గంటల్ని లెక్కపెట్టి చివర్న చెప్పే అంశం ఒకటుంది. మేం దాన్ని తిప్పేశాం. తవిక పొరపాటున బాగున్న మరుక్షణం పూజగది గంట మోగుతుంది, తవికుడు తప్పుకోవాలి. ఒకమ్మాయి నానీల కొలతలో, అంటే ఎన్. గోపి 1997లో మొదలుపెట్టిన నాలుగు పాదాల, 20 నుంచి 25 అక్షరాల పద్ధతిలో, ఇది చదివింది:

చెప్పు తెగింది
గుళ్లో
దేవుడు నవ్వాడు
ఆయనకసలు చెప్పుల్లేవు

గంట మోగింది. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు, ఇది చెత్తే అని వాదించింది. ఓటింగ్ పెడితే బాగుందనే తేలింది. ఆమె ఓడిపోయి, ఆ నెల పకోడీల ఖర్చు పెట్టుకుంది. ఇప్పటికీ ఆ తీర్పు మీద కోపమే.

గెలిచినవాళ్లకి శాలువా బదులు ఉతికిన తువాలు కప్పుతాం. ఉతకని తువాలు ఒకసారి కప్పాం, ఆ గొడవ ఇక్కడ అనవసరం.

ఒంటరిగా తట్టట్లేదు. కలిసి రాయొచ్చా?

దత్తపది ఆడండి. నలుగురు నాలుగు మాటలిస్తారు, రాసేవాడు నాలుగు పాదాల్లో నాలుగూ వాడాలి. అవధాని అయితే పిజ్జా, బర్గర్ లాంటి మాటలిచ్చినా వాటిని సంస్కృత సమాసాల్లో కరిగించి రామాయణం చెప్పేస్తాడు. మనం ఆ పని చేయం. ద్రౌపదీ స్వయంవరంలో మత్స్యయంత్రం పక్కన బర్గర్ని బర్గర్‌గానే పెడతాం, అర్జునుడు దాన్ని పట్టించుకోడు. తలా ఒక పాదం రాసి, ముందు పాదంలో చివరి మాట ఒక్కటే కనిపించేలా కాగితం మడిచి పక్కవాళ్లకిచ్చే ఆట కూడా బాగుంటుంది, పిల్లలతో మరీనూ.

ఎవరినైనా నొప్పించే ప్రమాదం లేదా?

ఉంది. అందుకే మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం, మూడూ ఎవరో ఒకరు నొచ్చుకున్నాక వచ్చినవే. ఎదుటివాళ్లు నిజాయితీగా రాసిన కవితని తీసుకొచ్చి తవిక అని చదవకూడదు. అది హాస్యం కాదు, ఏడిపించడం. కులం, ఒళ్లు, రంగు, కట్టుకున్నవాళ్లు, ఇవేవీ ముడిసరుకు కావు. మూడోది యాస.

యాస గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే చాలామంది తెలియక చేస్తారు. శ్రీకాకుళం మాటో, కరీంనగర్ మాటో, కడప మాటో వాడితేనే నవ్వు వస్తుందనుకోవడం సినిమాలు నేర్పిన చెడ్డ అలవాటు. మీ యాసలో తవిక రాయండి, హాయిగా రాయండి, కానీ నవ్వు తవికలోంచి రావాలి, యాసలోంచి కాదు. పరీక్ష తేలికే. ఆ తవికని అదే ఊరివాళ్ల ముందు చదివితే నవ్వుతారా? నవ్వితే మంచిది. మొహాలు మాడిస్తే కాగితం మడిచి జేబులో పెట్టుకోండి.

నేను చెత్తగా రాస్తే గొప్ప కవిత అని మెచ్చుకున్నారు. ఏం చేయాలి?

మీకన్నా ముందే ఇది పెద్దవాళ్లకి జరిగింది. 1943లో జేమ్స్ మెక్‌ఆలీ, హెరాల్డ్ స్టీవర్ట్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా కవులు, కొత్తరకం కవిత్వం మీద ఒళ్లుమండి, చేతికందిన పుస్తకాల్లోంచి ముక్కలు పోగేసి ఒక్క పూటలో కట్టెడు కవితలు అల్లేశామన్నారు. ఒక కవిత మొదటి పాదాలు దోమలు పెరిగే మడుగుల్ని ఎండబెట్టడం గురించిన రిపోర్టులోంచి తీసుకున్నవి. (దోమకీ కవిత్వానికీ ఏదో ఋణానుబంధం ఉన్నట్టుంది.) ఎర్న్ మాలీ అనే లేని కవిని పుట్టించి, చంపేసి, అతని సోదరి పేర ఆ కవితల్ని మాక్స్ హ్యారిస్ అనే కుర్ర సంపాదకుడికి పంపారు. ఆయన పొంగిపోయి 1944లో తన పత్రికలో ప్రత్యేక సంచికే వేశాడు. గుట్టు బయటపడింది, ఊరంతా నవ్వింది. అది చాలదన్నట్టు ఆ కవితల్లో అశ్లీలం ఉందని కోర్టు హ్యారిస్‌కి అయిదు పౌన్లు జరిమానా వేసింది. తమాషా ఏమిటంటే, ఆ కవితలు నిజంగానే బాగున్నాయనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సొంత పేరుతో జాగ్రత్తగా రాసుకున్న వాటికన్నా ఆ ఇద్దరూ వీటితోనే ఎక్కువ మందికి తెలుసు.

కాబట్టి ఎవరైనా మెచ్చుకుంటే థాంక్స్ చెప్పి ఊరుకోండి. ఎదుటివాణ్ణి పట్టించడానికి తవిక రాయడం నాకు నచ్చదు. హ్యారిస్ చేసిన నేరమల్లా కవిత్వాన్ని నమ్మడం.

నేను నిజంగా కవిత్వం రాస్తాను. ఇది రాస్తే నా చెయ్యి పాడవదా?

పాడవదు. మా దగ్గరికొచ్చే అసలు కవులు ఇద్దరున్నారు. తమ కవితల్లో తాము ఏ మాటని పదేపదే వాడుతున్నారో తవిక రాస్తేనే తెలిసిందంటారు. ఒకాయన "నిశ్శబ్దం" అనే మాటతో పది తవికలు రాసి, తర్వాత ఏడాదిపాటు కవితల్లో ఆ మాట ముట్టలేదట.

ఒక్క హెచ్చరిక. అసలు కవిత్వం ఎవరికైనా నచ్చనప్పుడు "అది నేను తవికగానే రాశానండీ" అని తప్పించుకోకండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది. గంట మోగించేవాళ్లకి ఆ తేడా తెలుసు.

కంప్యూటర్‌తో రాయించి తెస్తే?

ఒకాయన తెచ్చారు. ప్రాస కుదిరింది, భావం కుదిరింది, చివర్లో ఒక మంచి మాట కూడా ఉంది. చప్పగా ఉంది. ఎవరూ నవ్వలేదు, గంటా మోగలేదు. ఆయన చేతిరాతతో ఆ కాగితం వెనక రాసుకున్న కిరాణా లిస్టు చదివించాం, దానికి తువాలు కప్పాం.

మొదటిసారి వస్తున్నాను. ఏం తెచ్చుకోవాలి?

కూర్చోవడానికి చాప. మేడ మీద గాలెక్కువ, కాగితం ఎగిరిపోకుండా క్లిప్పు. (ఎగిరిపోతే ఎవరూ వెతకరు.) దోమలుంటాయి కాబట్టి ఓడోమాస్. మీ తవిక, ఒకటే, నిమిషంలోపు. ఈసారి దత్తపదికి మాటలు ముందే ఖాయం చేశాం: గ్యాస్‌బండ, వైకుంఠం, ఓటీపీ, వంకాయ. లిఫ్టు అయిదో అంతస్తుదాకానే వస్తుంది, అక్కణ్ణుంచి మెట్లు.

పకోడీలు ఉల్లిపాయవే. పాలకూరవి కావాలన్నవాళ్లు ముందే చెప్పాలి, పద్యంలో అయితే పట్టించుకోం.